అత్యవసర చికిత్స - యువజనుల మనోవేదన

రాత్రివేళ కాలు విరిగిన యువకుని ఆసుపత్రి క్యాజువాలిటీకి తెచ్చినారనుకొందము. ఎముక ఎచ్చట విరిగినదో చూపుటకు ఎక్స్‌రే కలదు, కట్టు కట్టుటకు పద్ధతి కలదు. "ఏల పడితివి?" అని అతనిని నిందించువారుండరు. అదే గుమ్మమునకు, దుఃఖము భరింపలేక తనకు తానే హాని చేసికొనిన పదునారేండ్ల బాలికను తెచ్చినచో జరుగునది వేరు. ఆమెను మొదట ప్రశ్నింపవలసినది పోలీసా, వైద్యుడా? ఇంగ్లండు దేశమునకు ఈ సమస్య చాలకాలము తెగలేదు.

1961 వరకు ఇంగ్లండు, వేల్సులలో ఆత్మహత్యాప్రయత్నము నేరము. రోగి మంచము ప్రక్కన పోలీసు కూర్చుండుట కలదు. కొందరు జైలుకు కూడ పోయినారు. ఇట్టి స్థితిలో రోగి నిజము చెప్పునా? వియన్నానుండి 1938లో వలసవచ్చిన మనోవైద్యుడు ఎర్విన్ స్టెంగెల్, నాన్సీ కుక్‌తో కలసి 1958లో ఈ రోగులను గూర్చి ఒక గ్రంథము ప్రచురించినాడు. వీరి చర్యలో చావు కోరిక ఒక్కటే కాదనియు, ఇరుగుపొరుగువారిని సహాయమునకు పిలుచుట కూడ ఇమిడియున్నదనియు ఆయన వాదము. 1961 ఆగస్టులో ఆ నేరము చట్టమునుండి తొలగినది. ఇట్టివారినందరిని మనోవైద్యునికి చూపవలెనని ఆరోగ్యశాఖ అదే యేడు ఆసుపత్రులకు సలహా ఇచ్చినది.

సలహా కాగితముపైననే చాలకాలము నిలిచినది. దానిని ఆచరించి చూపినది స్కాట్లండులోని ఎడింబరో రాయల్ ఇన్ఫర్మరీ 3వ వార్డు. అచ్చట పనిచేసిన నీల్ కెస్సెల్ 1965లో ఒక ముఖ్యవిషయమును వెల్లడించినాడు: దేహమునకు కలిగిన అపాయమును బట్టి మనోవేదనను కొలువరాదు. "ప్రాణభయము లేదు కదా" యని తెల్లవారగనే ఇంటికి పంపివేయుట తప్పని దీని భావము. 1980 ప్రాంతమున ఆక్స్‌ఫర్డులో, తగిన శిక్షణ పొందిన నర్సులు కూడ ఈ రోగులను వైద్యులతో సమానముగ పరీక్షింపగలరని తేలినది. మనోవైద్యుడు దొరకలేదను సాకు దీనితో కొంత తగ్గినది.

అయినను, గుమ్మము దాటివచ్చినవారికి ఎదురైన అనుభవము అంత త్వరగా మారలేదు. 2004లో బ్రిటనులోని 'నైస్' సంస్థ ఎనిమిదేండ్లు మొదలుకొని అన్ని వయసులవారికి వర్తించు చికిత్సాసూత్రములను సిద్ధపరచినప్పుడు, అట్టి చికిత్స పొందినవారిని కూడ సంఘములో కూర్చుండబెట్టినది. రోగిని సాక్షిగా పిలుచుట వైద్యచరిత్రలో చిన్న సంగతి కాదు. వారు చెప్పిన వానిలో ఒకటి వినుటకే బాధాకరము: తమ గాయములకు మత్తుమందు ఈయకయే కుట్లు వేసినారట! కాలు విరిగినవానికి ఇట్లు చేయుదురా? అందుచేత, కుట్లు వేయునంతసేపు తగిన మత్తుమందు ఈయవలెనని వ్రాయవలసివచ్చినది. ఇంత స్పష్టమైన విషయమును నియమముగ వ్రాయవలసివచ్చుటయే నాటి పరిస్థితిని తెలుపుచున్నది. పదునారేండ్లలోపు వారిని పెద్దల నడుమ ఉంచక, పిల్లల నర్సులు చూడవలెననియు, సాధారణముగ ఆ రాత్రి పిల్లల వార్డులో ఉంచి మరునాడు సావకాశముగ మాటలాడవలెననియు కూడ ఆ సూత్రములు చెప్పినవి.

2022లో వీనిని సవరించినారు. మార్కులు వేసి భవిష్యత్తును చెప్పు పట్టికలను ఈ సవరణ త్రోసిపుచ్చినది. అరుదైన సంఘటనను ప్రశ్నపత్రముతో ముందుగా కనుగొనుట గణితరీత్యా దుర్లభము. ఎక్కువ మార్కులు వచ్చినవారిలో అత్యధికులు క్షేమముగ ఉందురు, తక్కువ వచ్చినవారు "భయము లేద"ని నిరాదరణకు గురియగుదురు. మార్కులకు బదులు రోగితో మాటలాడి, అవసరములు తెలిసికొనవలెను. శరీరచికిత్స పూర్తి యగువరకు ఆ సంభాషణను వాయిదా వేయరాదు.

మన దేశమునకు ఆ పాత నేరము ఇంగ్లీషువారితో వచ్చినదే. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ఇందుకు ఏడాదివరకు జైలుశిక్ష విధించెడిది. క్యాజువాలిటీలో పోలీసుకేసు భయముతో నిజము దాచిన కుటుంబములెన్నో! 2017లో చేసి 2018లో అమలుపరచిన మానసిక ఆరోగ్యచట్టము, ఇట్టి రోగి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పి, చికిత్స చేయించు బాధ్యతను ప్రభుత్వముపై ఉంచినది. 2024 జులై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 309వ సెక్షను లేదు. 2022 అక్టోబరులో ఆరంభమైన 'టెలి మానస్' సేవకు 14416 నెంబరుపై ఏ రాత్రివేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.