శిశుశాలల పూర్వచరిత్రము

మొక్కయై వంగనిది మ్రానై వంగునా యను సామెత మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. బిడ్డను వంచుటయే విద్య యను తలంపు దీనిలో దాగియున్నది. ఆ తలంపుతోనే నేడు చదువుకొన్న కుటుంబములయందు సయితము మూడేండ్లు నిండని బిడ్డచేత పలకయు బలపమును బట్టించి, ఎన్ని యక్షరములు వచ్చెనో లెక్కించుచున్నారు. మన నీతికారులు అయిదేండ్లవరకు బిడ్డను లాలింపుమనిరి. అక్షరాభ్యాసమునకు అయిదవయేడు తగినదని పెద్దలు తలచిరి. ఆ మొదటి యేండ్లలో బిడ్డకు కావలసినదేమి? దానిని సమకూర్ప దగినవారెవరు? ఈ ప్రశ్నలకు శిశుశాలల చరిత్రము చక్కని సమాధానము నొసగుచున్నది.

శిశుశాల కలవారి యింట పుట్టినది కాదు. తల్లి కూలికి పోగా ఒంటిగా మిగిలిన బిడ్డకొరకు పుట్టినది. స్కాట్లండునందలి న్యూలానార్కున నూలుమిల్లు నడపిన రాబర్టు ఓవెను 1816లో తన కార్మికుల సంతానమునకై యొక విద్యాశాలను తెరచి, నడక నేర్చిన పసివారిని గూడ అందు చేర్చుకొనెను. వారిని కొట్టరాదు, బెదరింపరాదు, పుస్తకములతో విసిగింపరాదు అని యాతని కట్టడి. అతడు పండితుల నెన్నుకొనలేదు. చదువు స్వల్పమే యైనను పసివారియెడ అంతులేని యోర్పు గల యొక సాలెవానిని వారికి గురువుగా నియమించెను.

తరువాత జర్మనీలో ఫ్రోబెలు 1837లో బ్లాంకెన్‌బుర్గున పసివారికొరకు ఆటపాటల శాలను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెను, అనగా పిల్లలతోట, యని పేరిడెను. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ తోటలు నాస్తికత్వమును పెంచునని నిషేధించెను. మరుసటియేడు ఫ్రోబెలు గతించెను. 1860లో గాని ఆ నిషేధము తొలగలేదు. పసివారి యాటలకు రాజ్యములు సయితము జంకిన కాలమది.

ఈ చరిత్రమున ముఖ్యఘట్టము రోమునగరమున జరిగినది. అచ్చటి సాన్ లొరెంజో పేట నిరుపేదలది. ఒక గృహనిర్మాణసంఘము ఆ పేటలోని మేడలను బాగుచేయించి కూలిజనులకు అద్దెకిచ్చెను. తలిదండ్రులు ప్రొద్దుననే పనికి పోగా, బడియీడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. గోడలను మరల మరల బాగుచేయించుటకంటె పిల్లల నొకగదిలో నుంచి కాపాడుటయే మేలని సంఘమువారు తలచిరి. 1907 జనవరి 6వ తేదీన ఆ గది తెరవబడెను. గోడలను కాపాడ బుట్టిన యా గదియే లోకవిఖ్యాతమైన బాలగృహమయ్యెను.

దాని భారము వహించిన మరియా మాంటిస్సోరి 1896లో వైద్యపట్టము పొందిన విదుషి. ఆమె బోధించుటకు ముందు పరికించెను. మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మెలోని రంధ్రములలో వానికి సరిపడు బిళ్లల నమర్చుచుండెను. చుట్టును పిల్లలు పాడుచున్నను, కుర్చీతోసహా తన్నెత్తి బల్లపై నుంచినను ఆ పిల్ల తలయెత్తలేదు. నలుబదిమార్లకు పైగా అదే పని చేసి, విశ్రమించి లేచినదానివలె తేటమొగముతో చాలించెను. ఒకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయుట మరచెను. ఆమె వచ్చుసరికి పిల్లలు తమకు కావలసిన వస్తువులను తామే తీసికొని పనిలో మునిగియుండిరి. ఆమె దానిని దొంగబుద్ధి యనుకొనెను. మాంటిస్సోరి మాత్రము అది వివేకమని గ్రహించి, పిల్లల చేతికందు పొట్టిబీరువాల నేర్పరచెను. మరియొకనాడు ముక్కు చీదుకొను విధమును ఆమె నెమ్మదిగా చూపగా పిల్లలు చప్పట్లు చరచిరి. ఆ విషయమై వారు అంతవరకు తిట్లు తినుటయే గాని, నేర్పినవారు లేరు. నేర్పక నిందించు నలవాటు మన యిండ్లలోను తక్కువ కాదు.

మనదేశమున ఈ మార్గమును ద్రొక్కిన వారిలో గిజూభాయి బధేకా అగ్రగణ్యుడు. ఈయన న్యాయవాదవృత్తిని వదలి, 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పెను. గుజరాతీ జనులు ఆయనను మీసముల తల్లి యని ముద్దుగా పిలిచిరి. 1939లో మాంటిస్సోరియే దివ్యజ్ఞానసమాజమువారి యాహ్వానముపై మదరాసునందలి అడయారునకు వచ్చి, సుమారు 300 మందికి శిక్షణ నిచ్చెను. కోస్తా ఆంధ్రదేశము నాడు ఆ రాజధానిలోనిదే. ఐనను పరికరముల ఖరీదు భరింపగల బడులకే ఈ విద్య దక్కు ప్రమాదము కలిగెను. కూలివాని బిడ్డకై పుట్టినది కలవారి సొత్తగుచుండెను.

దానిని మరల పేదల వాకిటికి చేర్చిన పుణ్యము గిజూభాయి సహచరి తారాబాయి మోదక్‌ది. ఆమె 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమునగల బోర్డి గ్రామమున పని మొదలిడెను. హరిజనుల పిల్లలు బాలవాడికి రాకుండిరి. అంతట ఆమె బడినే వారి ముంగిళ్లకు గొనిపోయెను. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లు పరికరములయ్యెను. అంగణమనగా ముంగిలి గదా; అంగన్‌వాడీ యను మాట ఆ ముంగిటి బడినుండి వచ్చినదే. 1957లో ఆమెయు, అనూతాయి వాఘ్‌యు కోస్‌బాడ్ కొండకు తరలి, వార్లీ గిరిజనుల నడుమ ఈ కార్యమును సాగించిరి.

1975 అక్టోబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును 33 ప్రాంతములలో ప్రారంభించినపుడు ఆ పేరునే గ్రహించెను. నేడు తెలుగునాట పల్లెపల్లెన అంగన్‌వాడీ కలదు. ఐనను మనలో పెక్కుండ్రు దానిని గ్రుడ్లును పాలును పంచు తావుగానే యెంచుచున్నారు. ఆకలి తీర్చుట ప్రథమధర్మమే. కాని బిడ్డ ఆకలి అన్నముతోనే తీరునది కాదు. అచ్చటి టీచరునకు ముట్టునది జీతము గాదు, గౌరవవేతనము మాత్రమే. ఆమె తూనికలకును, లెక్కల పుస్తకములకును పోయిన ప్రొద్దు పోగా మిగిలినదే పసివారిది.

ఈ చరిత్రము చెప్పునది రెండు మాటలు. బిడ్డకు కావలసినది చేతికందు పని, దానిని ముగించునంతవరకు ఎవరును చెదరగొట్టని తీరిక. దానిని సమకూర్పగలవారు ఓర్పు గల పెద్దలు; వారి పని కాపలాపని కాదు, గురుకృత్యము. అక్షరములు తమ కాలమున తామే వచ్చును. పాఠకమహాశయులు తమ బిడ్డ పలకను పరీక్షించుటకు ముందు, ఒక యుదయమున తమ వీథి యంగన్‌వాడీకి పోయి చూతురుగాక. అచ్చట పిల్లలు కదలాడ చోటున్నదా, వస్తువులు వారి చేతికందుచున్నవా, టీచరునకు వారితో కూర్చుండు తీరిక యున్నదా యని విచారింతురుగాక. లేనిచో గ్రామసభలో అడుగుటకు మనకు నోరున్నది. ఆ పసివారికి లేదు.