పెంపుడు కుక్కకు కారుణ్య మరణం: నిర్ణయం ఎప్పుడు, ఎలా?

నయం కాని జబ్బుతో బాధపడుతున్న పెంపుడు కుక్కకు చికిత్స కొనసాగించాలా, లేక దానికి ప్రశాంతమైన ముగింపు కల్పించాలా? ఏళ్ల తరబడి ఇంటి మనిషిలా మెలిగిన మూగజీవం విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం సులభం కాదు. తొందరపడితే కోలుకోగల ప్రాణిని కోల్పోతాం. జాగు చేస్తే దాని చివరి రోజులు నరకమవుతాయి.

వయసు ఒక్కటే కారణం కాదు

ముసలితనం, చూపు మందగించడం, చెవుడు, కీళ్లనొప్పులు కారుణ్య మరణానికి వాటంతట అవే కారణాలు కావు. ఒక కాలు తీసివేసినా మూడు కాళ్లతో హాయిగా తిరిగే కుక్కలెన్నో ఉన్నాయి. చివరి దశకు చేరిన మూత్రపిండాల వైఫల్యం, శరీరమంతా పాకిన క్యాన్సర్, ఊపిరాడనివ్వని గుండె జబ్బు, మందులకు లొంగని మూర్ఛలు వంటి స్థితుల్లోనే ఈ ఆలోచన అవసరమవుతుంది. రోగం నయమవుతుందా అన్నదానితో పాటు, బాధను అదుపులో ఉంచగలమా అన్నది కూడా వైద్యుణ్ని అడగవలసిన ప్రశ్నే.

కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. అరవకపోయినంత మాత్రాన బాధ లేదని అనుకోరాదు. విశ్రాంతిలోనూ రొప్పడం, రాత్రంతా కుదురుగా పడుకోలేకపోవడం, మూలకు చేరి ఒంటరిగా ఉండడం, ఇష్టమైన తిండినీ ముట్టకపోవడం దాని లక్షణాలు. నొప్పి తగ్గించాలని మనుషులు వాడే మాత్రలు వేయరాదు. ఐబుప్రోఫెన్ వంటివి కుక్కలకు విషతుల్యం.

ఏడు అంశాల కొలమానం

అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ రూపొందించిన కొలమానాన్ని అనేక దేశాల వైద్యులు ఉపయోగిస్తున్నారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువ ఉండడం అన్న ఏడు అంశాలకు సున్నా నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. పరిస్థితి ఎంత మెరుగ్గా ఉంటే మార్కులు అంత ఎక్కువ. మొత్తం 70కి 35 దాటితే సేవలు కొనసాగించవచ్చు. అయితే ఇది నిర్ణయానికి సాయం మాత్రమే, తీర్పు కాదు. క్యాలెండర్‌లో మంచి రోజులను, చెడ్డ రోజులను రోజూ గుర్తు పెడుతూ ఉంటే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

సందేహం ఉంటే మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల వంటి బోధనా సంస్థలను ఇందుకు ఆశ్రయించవచ్చు.

చట్టం ఏమంటోంది?

జంతువులను అనవసరమైన క్రూర పద్ధతుల్లో చంపడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో సహేతుక కారణం లేకుండా వాటిని వదిలివేయడమూ నేరమే. అందువల్ల జబ్బు కుక్కను ఊరి చివర విడిచిపెట్టడం పరిష్కారం కాదు. కారుణ్య మరణాన్ని రిజిస్టరైన పశువైద్యుని చేతనే, యజమాని రాతపూర్వక సమ్మతితో జరిపించాలి. గత పది రోజుల్లో కుక్క ఎవరినైనా కరిచి ఉంటే ఆ సంగతి ముందుగానే వైద్యునికి చెప్పాలి. రేబిస్ దృష్ట్యా ఇది ముఖ్యం.

ఎలా జరుగుతుంది?

సాధారణంగా ముందు మత్తు ఇస్తారు. కుక్క స్పృహ కోల్పోయాక నరంలోకి అధిక మోతాదు మత్తుమందు ఎక్కిస్తారు. నిమిషాల్లో శ్వాస, గుండె ఆగిపోతాయి. కళ్లు తెరుచుకునే ఉండవచ్చు. కండరాలు అదరవచ్చు. అవి బాధకు సూచనలు కావు. కళేబరంలో మందు అవశేషాలు ఉంటాయి కనుక దాన్ని తిన్న రాబందులు, కాకులు, ఇతర కుక్కలు చనిపోయే ప్రమాదముంది. లోతుగా పూడ్చాలి, లేదా దహనం చేయాలి.

పిల్లలకు నిజమే చెప్పడం మేలు. ‘నిద్రపుచ్చాం’ అంటే వారికి నిద్రంటేనే భయం కలగవచ్చు.

అహింసకు విరుద్ధమా?

ఈ చర్చ మన దేశానికి కొత్త కాదు. 1928లో సబర్మతీ ఆశ్రమంలో కోలుకోలేని స్థితిలో యాతన పడుతున్న ఒక దూడకు గాంధీజీ ఇంజెక్షన్‌తో ప్రాణవిముక్తి కలిగించారు. దానిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. స్వార్థంతోనో కోపంతోనో ప్రాణం తీయడం హింస అవుతుందని, బాధపడే జీవికి ఉపశమనం కలిగించడమే ఉద్దేశమైనప్పుడు అది వేరని ఆయన వాదించారు. నేటి యజమాని తనను తాను ప్రశ్నించుకోవలసిందీ అదే. ఈ నిర్ణయం తన శ్రమ తగ్గడానికా, దాని బాధ తీరడానికా? అలాగే చికిత్స కొనసాగిస్తున్నది దాని మేలు కోసమా, దాన్ని వదులుకోలేని తన మనసు కోసమా?