కరణం చేతి నుంచి ఓటరు చేతికి: ముదినేపల్లి సీమలో గ్రామాధికారం

ముదినేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ప్రభుత్వమంటే చాలాకాలం ఇద్దరే: మునసబు, కరణం. శిస్తు వసూలు చేసేది మునసబు, లెక్క రాసేది కరణం. ఏ చేను ఎవరి సాగులో ఉంది, ఏ పంట వేశారు, ఎంత పండింది అన్నది అడంగల్‌లో (సాగు లెక్కల పుస్తకంలో) కరణం ఎక్కించిన మాటే. కొల్లేరు పొంగి చేలు మునిగిన ఏడాది రైతుకు శిస్తు మాఫీ దక్కాలన్నా ఆ రాతే ఆధారం. ఇంత అధికారమున్న ఈ పదవులు తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేవి.

ఆ వారసత్వాన్ని మొదట దెబ్బతీసింది ఓటు కాదు, కోర్టు. గుంటూరు జిల్లాలో ఒక మునసబు పదవి గురించి గాజుల దశరథ రామారావు వేసిన కేసులో, పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగానికి విరుద్ధమైతే శాసనసభ చేసిన చట్టాన్నైనా కోర్టు కొట్టివేయగలదన్న సూత్రం అమెరికాలో 1803లో మార్బరీ కేసుతో స్థిరపడింది. మన రాజ్యాంగం ఆ అధికారాన్ని హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ ఇచ్చింది. పల్లెటూరి మునసబు కుర్చీ దాకా ఆ సూత్రం రావడం చిన్న విషయం కాదు. అయినా పదవులు మాత్రం మరో రెండు దశాబ్దాలు నిలిచాయి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం వాటిని పూర్తిగా రద్దు చేసింది.

ఎన్నికల పాలన అప్పటికే వేరే దారిలో పెరుగుతోంది. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో రాష్ట్ర పంచాయతీరాజ్ వ్యవస్థ మొదలైంది. అప్పట్లో పంచాయతీ సమితి ప్రెసిడెంటును ఎన్నుకునేది సర్పంచులు. సర్పంచిని కూడా మొదట్లో వార్డు మెంబర్లే ఎన్నుకునేవారు, తర్వాతే జనం నేరుగా ఓటేయసాగారు. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులనూ, జిల్లా పరిషత్ చైర్మన్లనూ ఓటర్లే ఎన్నుకున్నారు. 1994 చట్టం మళ్లీ పాత పద్ధతికి తిప్పింది: మండలాధ్యక్షుణ్ణి (ఎంపీపీని) మండల ప్రాదేశిక సభ్యులు (ఎంపీటీసీలు), చైర్మన్‌ను జిల్లా ప్రాదేశిక సభ్యులు (జెడ్పీటీసీలు) ఎన్నుకుంటారు.

అమెరికా పద్ధతికీ బ్రిటిష్ పద్ధతికీ ఉన్న తేడా చూడటానికి ఈ మండలమే చాలు. ఎంపీపీ బ్రిటిష్ పద్ధతిలో వచ్చే మన ముఖ్యమంత్రిలాగా సభ్యుల బలం మీద నిలుస్తారు, అవిశ్వాస తీర్మానం నెగ్గితే దిగిపోవాలి. సర్పంచి మాత్రం అమెరికా గవర్నరులాగా నేరుగా జనం ఓటుతో వస్తారు, వార్డు మెంబర్లు అవిశ్వాసంతో దించలేరు. అయితే పోలిక అక్కడికే. గవర్నరును తొలగించాలంటే సాధారణంగా ఆ రాష్ట్ర చట్టసభే అభిశంసించాలి. మన సర్పంచి మీద కలెక్టరుకు తొలగింపు అధికారం ఉంది. జనం ఎన్నుకున్నవారిని నియమితుడైన అధికారి దించగలగడం ఈ వ్యవస్థలో ఇప్పటికీ పెద్ద లోపమే.

ఈ సీమలో సిద్ధాంతాల పోరు ప్రధానంగా భూమి చుట్టూ నడిచింది. కమ్యూనిస్టులు దున్నేవాడికే భూమి అన్నారు. రైతు సొంత కమతం నిలవాలన్న ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీని, 1959లో మరికొందరితో కలిసి స్వతంత్ర పార్టీని నడిపారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో పలు ప్రత్యర్థి పక్షాలు కాంగ్రెస్‌తో ఒక్కటవడంతో, దాదాపు 31 శాతం ఓట్లు వచ్చిన కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతిలో రెండో స్థానంలో నిలిచినవారికే ఇలా జరిగితే, మూడో పక్షం ఇంకా నలిగిపోతుంది. అమెరికాలో రెండు పెద్ద పార్టీలే మిగలడానికి అదొక ముఖ్య కారణం.

ముదినేపల్లి పేరుతో శాసనసభ స్థానం కూడా ఉండేది. 1985లోనూ, 1994లోనూ అక్కడ గెలిచిన యెర్నేని సీతాదేవి ఎన్టీఆర్ మంత్రివర్గంలో విద్యాశాఖ చూశారు. 2008 పునర్విభజనలో ఆ స్థానం రద్దయి, మండలం కైకలూరు నియోజకవర్గంలో, ఏలూరు లోక్‌సభ పరిధిలో చేరింది. దాంతో మండలానికి ఎంపీ ఏలూరు వారయ్యారు, కలెక్టరు మాత్రం కృష్ణా జిల్లా కేంద్రమైన బందరు (మచిలీపట్నం)లోనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న మండలం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 2021లో ఎన్నికైన జెడ్పీటీసీ మాత్రం బందరులోని ఉమ్మడి కృష్ణా జిల్లా పరిషత్తులోనే సభ్యత్వం కొనసాగించారు.