చెట్టు వేగం ఎంత?

1903లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన మోటారు కార్ల చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. ఒక్క సాక్షి వచ్చి "నా అంచనా ప్రకారం బండి చాలా వేగంగా పోయింది" అన్నంతమాత్రాన డ్రైవరుకి శిక్ష వెయ్యకూడదు. మన 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లోనూ ఆ మాటే ఉంది, ఇంకో ముక్క కలిపి: ఆ అభిప్రాయానికి యాంత్రిక పరికరం ఏదైనా ఆధారంగా ఉంటే చెల్లుతుంది. 2019 సవరణలో 'యాంత్రిక' పక్కన 'ఎలక్ట్రానిక్' కూడా చేరింది. అంటే చట్టం మనిషి కంటిని నమ్మలేదు, యంత్రాన్ని నమ్మింది. మరి యంత్రాన్ని ఎవరు చూస్తారు?

నెల్లూరు దాకా పోయొచ్చిన వారానికి ఫోనుకి ఈ-చలానా వచ్చింది. ఈ సెక్షన్లన్నీ తిరగేసింది అందుకే. వెయ్యి రూపాయల సంగతి కాదు. ఫొటోలో నా కారు పక్కనే ఒక లారీ కూడా ఉంది. కింద ఒకటే అంకె. అది మా ఇద్దరిలో ఎవరిదో ఫొటో చెప్పదు.

వేగాన్ని కొలిచే రాడార్ మొదట పోలీసుల కోసం పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ అనే అమెరికన్లు సైన్యం పనిమీద తయారుచేశారు. 1947లో కనెక్టికట్ రాష్ట్రం గ్లాస్టన్‌బరీలో దాన్ని రోడ్డుమీదికి తెచ్చారు. యూరప్ కథ ఇంకా తమాషా. 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచిన డచ్చి రేసర్ మౌస్ గాట్సోనిడెస్, మలుపుల్లో తన వేగం ఇంకా పెంచుకోవడానికి కొలత పరికరం చేసుకున్నాడు. అదే తర్వాత గాట్సో కెమెరాల కంపెనీ అయింది. వేగంగా పోదామనుకున్నవాడి పుణ్యమే ఇవాళ్టి చలానాలు!

సూత్రం మాత్రం గట్టిదే. కదిలే బండికి తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం కొంచెం మారుతుంది. 24 గిగాహెర్ట్జ్ రాడార్‌లో గంటకు ఒక కిలోమీటరు వేగానికి సుమారు 45 హెర్ట్జ్ తేడా. దాన్ని కొలవడం పెద్ద కష్టం కాదు. పైగా రాడార్ రోడ్డుకి ఓరగా ఉంటే అంకె తగ్గుతుందేగాని పెరగదు. పది డిగ్రీల కోణానికి ఒకటిన్నర శాతం డ్రైవరుకే లాభం.

అయినా 1979లో అమెరికాలోని మయామిలో, చేత్తో పట్టుకునే పోలీసు రాడార్ ఒక చెట్టు గంటకు 86 మైళ్ళ వేగంతో పోతోందని చూపించింది. ఒక ఇల్లు 28 మైళ్ళతో పోతోందంది. టీవీవాళ్ళు ఇది బయటపెట్టాక విచారణ జరిగింది. న్యాయమూర్తి నెస్‌బిట్ రాడార్ సాక్ష్యం చెల్లదన్నారు. ఆ తర్వాత అక్కడి ప్రమాణాల సంస్థ ఆ రాడార్లని తీసుకుని పరీక్షలు పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి (అప్పట్లో నెల్లూరు జిల్లా) మొదటి ఎస్ఎల్వీ-3 లేచి, కొన్ని నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. ఆ రాకెట్ వెనక కూడా రాడార్లే పరుగెత్తాయి. కాకపోతే అక్కడ ఆకాశంలో ఒకటే వస్తువు. అది ఏ దారిన పోవాలో ముందే తెలుసు. రోడ్డుమీద గూడూరు, కావలి మధ్య ఎన్‌హెచ్-16లో ఏముంటాయో మనకు తెలుసు: కృష్ణపట్నం పోర్టు లారీలు, రొయ్యల బండ్లు, ట్రాక్టర్లు, ఆటోలు, వీటి సందుల్లో దూరే బైకులు.

అందుకే నా దృష్టిలో అసలు తప్పు కొలతలో కాదు, గురిలో జరుగుతుంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడే లేజర్ గన్ కిరణం కూడా గీతలా సన్నగా పోదు. సుమారు మూడు మిల్లీరేడియన్ల వెడల్పున్న కిరణం మూడొందల మీటర్ల దూరానికి దాదాపు తొంభై సెంటీమీటర్లవుతుంది. ఒక బైకుని కప్పెయ్యడానికి అది చాలు, పక్క బండిని అంటుకోవడానికీ చాలు. చెయ్యి కదిలి, కిరణం బండి ముందు భాగం నుంచి అద్దం దాకా జారితే, ఆ జారిన దూరం కూడా వేగం లెక్కలో కలుస్తుంది. జర్మనీలో అందుకే గంటకు వంద కిలోమీటర్ల లోపు మూడు కిలోమీటర్లు, ఆపైన మూడు శాతం తీసేశాకే జరిమానా వేస్తారు. దాన్ని దయ అనలేం, లెక్క అంతే.

మన దగ్గర ఒక వింత ఉంది. నెల్లూరు బజార్లో కిలో ఉల్లిపాయలు తూచే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర లేకపోతే కేసు. రైసుమిల్లు బయట వేబ్రిడ్జికీ ముద్ర ఉండాలి. మనిషి మీద నేరం మోపే స్పీడ్ గన్‌కి మాత్రం ఆ ముద్ర చాలాకాలం తప్పనిసరి కాలేదు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ వచ్చింది. పరికరానికి రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువపత్రం ఉండాలి, ఏటా పునరుద్ధరించాలి, కెమెరా ఉన్న చోటుకి ముందే హెచ్చరిక బోర్డు కనపడాలి, నోటీసు పదిహేను రోజుల్లో పంపాలి. కెమెరాలు ముందుగా పెట్టాల్సిన నగరాల జాబితాలో నెల్లూరు కూడా ఉంది. ఇక రాడార్లకి తూనికలు కొలతల చట్టం కింద తనిఖీ, ముద్ర తప్పనిసరి చేసిన నియమాలు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఇదంతా చదివి 'అయితే చలానాలు కట్టనక్కర్లేదు' అనుకునేవాళ్ళు ఉంటారు. ఆ హైవే మీద రాత్రిపూట ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిన కారుని చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. నాకు కావల్సింది వేరే. చలానా కాగితం మీద ఫొటో, అంకె ఉంటున్నాయి కదా, వాటి పక్కనే పరికరం నంబరు, దాన్ని చివరిసారి తనిఖీ చేసిన తేదీ, తీసేసిన మినహాయింపు కూడా అచ్చు వెయ్యాలి. ప్రోగ్రాములు రాసేవాడిగా చెప్తున్నా, ఆ మూడు గడులు కలపడం ఒక రోజు పని.