భూగర్భ గనుల్లో స్వయం దహనం: వదిలిన బొగ్గు ఎందుకు రాజుకుంటుంది?

నిప్పురవ్వ పడకపోయినా భూగర్భ గనిలో బొగ్గు మండవచ్చు. తవ్వకం ముగిసిన చోట మిగిలిపోయిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, తనంతట తానే వేడెక్కి, చివరకు అంటుకోవడాన్ని స్వయం దహనం అంటారు. తెలంగాణలోని సింగరేణి సహా దేశంలోని అనేక బొగ్గు క్షేత్రాలకు ఇది చిరకాల సమస్య. మంట కంటికి కనిపించక ముందే వెలువడే విషవాయువు కార్మికుల ప్రాణాలకు ముప్పుగా పరిణమిస్తుంది. అందువల్ల గనిలో ఎంత బొగ్గు తీశారన్నదే కాక, ఎంత వదిలారు, ఆ చోటును ఎంత కాలంలో మూసివేశారు అన్నవి కూడా భద్రతకు కీలకమవుతాయి.

బొగ్గు ఎందుకు మిగులుతుంది?

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1889లో అక్కడ తవ్వకం ప్రారంభించింది. ఆ గనుల వారసత్వంతో 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించింది. ప్రస్తుతం ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఇక్కడి భూగర్భ గనుల్లో ప్రధానంగా అనుసరించినది బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి. మొదట పొరలో అడ్డంగా, నిలువుగా గ్యాలరీలు తవ్వుతారు. మధ్యలో మిగిలే బొగ్గు స్తంభాలే పిల్లర్లు. ఇవి పైకప్పును మోస్తాయి. ఈ దశలో చేతికి అందేది పొరలోని బొగ్గులో దాదాపు నాలుగో వంతు మాత్రమే. తర్వాత డిపిల్లరింగ్ పేరుతో పిల్లర్లను క్రమంగా తీస్తూ వెనక్కి వస్తారు. ఆధారం పోయిన పైకప్పు కూలుతుంది. అలా కూలిన ఖాళీ ప్రాంతాన్ని గోఫ్ అంటారు.

పైకప్పు ఒక్కసారిగా కూలకుండా పిల్లర్లలో కొంత భాగాన్ని విడిచిపెట్టక తప్పదు. మందమైన పొరల్లో పైభాగం బొగ్గు కూడా కొంత మిగులుతుంది. పైకప్పు కూలినప్పుడు ఇదంతా నుజ్జవుతుంది. గోఫ్‌లోకి మనుషులు వెళ్లలేరు కాబట్టి దాన్ని వెలికితీసే వీలుండదు.

వేడి పెరిగే తీరు

బొగ్గు ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వేడి పుడుతుంది. బయట ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. గోఫ్‌లో పరిస్థితి వేరు. గాలి ఉధృతంగా వీస్తే బొగ్గు చల్లబడుతుంది. అసలే అందకపోతే ఆక్సీకరణ ఆగిపోతుంది. ఆక్సీకరణకు సరిపడినంతగా, వేడిని తరలించడానికి చాలనంతగా గాలి ప్రవేశించడమే ప్రమాదకరం. సన్నని పగుళ్ల గుండా గోఫ్‌లోకి చేరే గాలి సరిగ్గా ఇలాంటిదే. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆక్సీకరణ వేగం పుంజుకొంటుంది, దానితో మరింత వేడి పుడుతుంది.

బొగ్గు ముక్కల పరిమాణం కూడా ముఖ్యమే. పెద్ద దిమ్మ కంటే పొడిబొగ్గుకు గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువ. బొగ్గు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. తమిళనాడులోని నైవేలిలో తవ్వే లిగ్నైట్ వంటి తక్కువ శ్రేణి ఇంధనాలు త్వరగా వేడెక్కుతాయి. ఆంత్రసైట్ అంత సులభంగా రాజుకోదు.

గాలి తగిలినప్పటి నుంచి వేడి స్పష్టంగా బయటపడే వరకు పట్టే కాలాన్ని ఇంక్యుబేషన్ కాలం అంటారు. పొర స్వభావాన్ని బట్టి ఇది కొన్ని నెలల నుంచి ఏడాదికి పైగా ఉండవచ్చు. డిపిల్లరింగ్ ప్రణాళిక అంతా ఈ గడువు చుట్టూనే తిరుగుతుంది. యంత్రాల మరమ్మతు, పైకప్పు సమస్యల వంటి కారణాలతో పని నిలిచిన ప్రతి రోజూ ఆ గడువులో నుంచే ఖర్చవుతుంది.

ముందుగా పసిగట్టడం

తొలి దశలో పొగ ఉండదు. గాలిలో తేమ పెరగడం, పైకప్పు, గోడలపై చెమట పట్టినట్లు నీటి చుక్కలు నిలవడం, తర్వాత కిరోసిన్ లేదా తారు వంటి వాసన రావడం లక్షణాలు. ఇంతకంటే నమ్మదగిన సూచిక కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు, రుచి, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలిసి, శరీరానికి ఆక్సిజన్ అందకుండా చేస్తుంది.

గోఫ్ నుంచి వచ్చే గాలి నమూనాలో పెరిగిన కార్బన్ మోనాక్సైడ్‌ను, తగ్గిన ఆక్సిజన్‌తో పోల్చి శాతంగా లెక్కించే పద్ధతిని గ్రాహం నిష్పత్తి అంటారు. సాధారణంగా ఇది 0.5 లోపు ఉంటుంది. 1కి చేరితే వేడి మొదలైనట్లు, 2 దాటితే పరిస్థితి తీవ్రమైనట్లు, 3కి మించితే మంట ఉన్నట్లు భావిస్తారు. అయితే ఒక్క అంకె కంటే రోజురోజుకూ అది పెరుగుతున్న తీరుకే నిపుణులు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు.

నివారణ మార్గాలు

గనిని చిన్న ప్యానెళ్లుగా విభజించి, ఒక్కో ప్యానెల్‌ను ఇంక్యుబేషన్ కాలంలోపే ముగించడం ప్రధాన సూత్రం. ప్యానెల్ చుట్టూ బొగ్గు అడ్డుగోడను వదిలి, మూసివేతకు అవసరమైన స్టాపింగ్‌లను ముందే సిద్ధం చేస్తారు. పని పూర్తికాగానే దారులన్నీ మూసివేస్తారు. ఖాళీ ప్రాంతాన్ని నీటితో కలిపిన ఇసుకతో నింపే స్టోయింగ్ పద్ధతికి సింగరేణి గోదావరి ఇసుకను వినియోగించింది. నైట్రోజన్ వాయువును పంపి ఆక్సిజన్ శాతాన్ని తగ్గించడం మరో మార్గం.

మూసిన ప్రాంతాన్ని తొందరపడి తెరవడం పెను ప్రమాదం. లోపల చల్లారని బొగ్గుకు తాజా గాలి తగిలితే మంట తిరిగి లేస్తుంది. మీథేన్ తోడైతే పేలుడు సంభవించవచ్చు.

మూల్యం ఎంత?

గని మంటల్లో వాయువు ఎంత ప్రాణాంతకమో 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో జరిగిన ప్రమాదం చాటింది. అక్కడ మంటల వల్ల 55 మంది కార్మికులు మరణించారు. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో తొలిసారి నమోదైన మంటలు శతాబ్దం దాటినా పూర్తిగా ఆరలేదు. అక్కడ నేల కుంగి, జనావాసాలను తరలించాల్సి వచ్చింది.

సింగరేణి ఉత్పత్తిలో అధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనులదే. అయినా సమస్య తొలగిపోలేదు. పాత భూగర్భ గనులున్న చోట ఓపెన్‌కాస్ట్ తవ్వకం చేపట్టినప్పుడు ఏళ్లుగా మూసి ఉన్న పిల్లర్లు, గ్యాలరీలు గాలికి తెరుచుకుంటాయి. ఒక తరం వదిలి వెళ్లిన బొగ్గు మరో తరం కార్మికుల ముందు రాజుకోవచ్చు. ఏ గ్యాలరీ ఎక్కడ ఉంది, ఎంత బొగ్గు మిగిలింది, ఏ దారిని ఎప్పుడు మూశారు అన్న వివరాలతో పాత గని పటాలను భద్రపరచడం అందుకే కార్మికుల రక్షణలో భాగం.