మెరైన్ అధికారి విలియం డాస్ గారి జీవితము – సేవ

శతవార్షికోత్సవ సమయమున మనకు సువార్త తెచ్చిన మిషనెరీలను జ్ఞాపకము చేసుకొనుట న్యాయమే. 1841లో మచిలీపట్నము చేరిన నోబుల్, ఫాక్స్ దొరగార్ల పేర్లు మన పెద్దలు ఎరిగినవే. వారిని పంపిన చర్చి మిషనరీ సొసైటీకి అంతకు ముందు తరములో చేదోడుగా నిలిచిన ఒక సైనికాధికారి పేరు మాత్రము మన సంఘములలో అంతగా వినబడదు. ఆయన లెఫ్టినెంట్ విలియం డాస్ గారు. ఆయన చరిత్రను క్లుప్తముగా పాఠకుల ముందుంచుచున్నాము.

డాస్ గారు 1762లో ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ రేవులో జన్మించారు. తండ్రి అక్కడి ఆర్డ్‌నెన్స్ కార్యాలయములో ఉద్యోగి. 1779లో, పదిహేడేండ్ల ప్రాయమున, ఆయన మెరైన్ దళములో సెకండ్ లెఫ్టినెంటుగా చేరారు. మెరైన్లనగా యుద్ధనౌకలపై ఉండి, అవసరమైతే తీరమున దిగి పోరాడే సైనికులు. 1781లో అమెరికా తీరమున చీసపీక్ అఖాతము వద్ద ఫ్రెంచివారితో జరిగిన యుద్ధములో ఆయన గాయపడ్డారు.

1787లో బ్రిటిష్ ప్రభుత్వము 11 ఓడలలో ఖైదీలను, వారికి కాపలాగా మెరైన్లను ఆస్ట్రేలియాకు పంపినప్పుడు, డాస్ గారు తామే కోరుకొని వెళ్ళారు. 1788 జనవరిలో ఓడలు అక్కడికి చేరాయి. ఖగోళ శాస్త్రము తెలిసినవారు గనుక, సిడ్నీ రేవు అంచున ఒక చిన్న నక్షత్రశాల కట్టుకొని అక్కడే నివసించారు. సిడ్నీ, పరమట్టా పట్టణముల వీధులకు కొలతలు వేసినదీ ఆయనే. ఆ రేవు కొనకు నేటికిని ఆయన పేరే ఉన్నది.

ఆ ఒంటరి గుడిసెకు ఆదివాసులు వచ్చిపోతుండేవారు. పట్యెగరంగ్ అను బాలిక ఆయనకు తమ భాష నేర్పినది. విన్న ప్రతి మాటను ఆయన నోటుపుస్తకములలో వ్రాసుకొన్నారు. నిప్పు వద్ద చేయి కాచుకొని, ఆ వెచ్చని చేతితో ఎదుటివారి వ్రేళ్ళను మెల్లగా నొక్కుటకు ఆ భాషలో ‘పుటువా’ అను ఒకే మాట ఉన్నదట! ఆమె జనులు ఎందుకు కోపముగా ఉన్నారని అడుగగా, తెల్లవారు ఇక్కడ స్థిరపడినందుననియు, తుపాకులకు భయపడుచున్నారనియు ఆమె చెప్పిన సంగతిని కూడ ఆయన దాచక వ్రాసుకొన్నారు.

1790 డిసెంబరులో గవర్నరు గారి వేటగానిని ఒక ఆదివాసి ఈటెతో పొడిచాడు. అందుకు ప్రతీకారముగా పదిమంది ఆదివాసుల తలలు నరికి తెమ్మని గవర్నరు ఫిలిప్ గారు ఉత్తరువిచ్చారు. తరువాత దానిని ఆరుగురిని పట్టి తెచ్చుటగా మార్చారు. ఆ దండులో పోవలసిన డాస్ గారు తాము రాలేమని పై అధికారికి వ్రాసి ఇచ్చారు. సైనికునికి ఇది కోర్టు మార్షల్ వరకు పోగల అవిధేయత. అప్పుడు చాప్లెయిన్ గురువైన రిచర్డ్ జాన్సన్ గారితో మాట్లాడిన పిమ్మట, ఆయన మనస్సు మార్చుకొని బయలుదేరారు. దేవుని కృపవలన ఆ దండుకు ఒక్కరును పట్టుబడలేదు. తిరిగి వచ్చిన పిమ్మట డాస్ గారు, లోబడినందుకు విచారించుచున్నానని గవర్నరుతోనే చెప్పారు.

ఆ దేశముననే ఉండిపోవలెనని ఆయన కోరిక. క్షమాపణ చెప్పినయెడల ఉండవచ్చునన్నారు. ఆయన చెప్పలేదు. 1791 డిసెంబరులో ఓడనెక్కవలసి వచ్చినది.

అంతటితో ఆయన సేవ ముగియలేదు. ఆఫ్రికాలో, దాస్యమునుండి విడుదలైన వారికొరకు స్థాపించిన సియెరా లియోన్ వలసకు ఆయన మూడు పర్యాయములు గవర్నరుగా ఉన్నారు. అక్కడ ఆయన పాలన కఠినమని ప్రజలు మొరపెట్టుకొన్న మాట కూడ నిజమే. పిదప ఇంగ్లాండులో చర్చి మిషనరీ సొసైటీ వారి మిషనెరీల శిక్షణలో తోడ్పడ్డారు. 1813లో విల్బర్‌ఫోర్స్ గారి సలహాపై వెస్టిండీస్‌లోని ఆంటిగ్వా ద్వీపమునకు వెళ్ళి, బానిసల బిడ్డలకు బడులు స్థాపించారు. 1834 ఆగస్టు 1న ఆ ద్వీపమున బానిసలు విడుదల పొందుటను కన్నులార చూచి, 1836లో అక్కడే ప్రభువునందు నిద్రించారు.

ఈ చరిత్రలో మేము ఎక్కువగా తలపోయునది ఆయన నిరాకరణను కాదు, విచారమును. ఆజ్ఞ ఇచ్చినది ప్రభుత్వము. అయితే దైవసేవకునితో మాట్లాడి వచ్చిన పిమ్మటనే ఆయన అడుగు ముందుకు పడినది. పెద్దల మాటకు లోబడుట మన సంఘములలో మంచి అలవాటే. గాని ఆ మాట పొరుగువాని ప్రాణముమీదికి, మానముమీదికి వచ్చునప్పుడు, మనస్సాక్షిని ఊరడించి పంపుట కాపరుల పని కాదు, పెద్దల పనియు కాదు. పేతురువలె తప్పిపోయి, పేతురువలె దుఃఖపడి లేచిన ఈ అధికారి, మిగిలిన ఆయుష్షును బలహీనుల పక్షముననే గడుపగోరారు.

ఆయన నోటుపుస్తకములు 1972లో లండన్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమొకదానిలో బయటపడ్డాయి. ఆ ఆదివాసుల సంతతివారు వాటి సహాయముతో నేడు తమ పితరుల భాషను మరల నేర్చుకొనుచున్నారు. మన డయోసిస్ రెండవ శతాబ్దిలో అడుగిడుచున్న ఈ వేళ, ఎదుటివాని మాటను శ్రద్ధగా వినే చెవిని, తప్పును ఒప్పుకొనే ధైర్యమును ప్రభువు మనకందరికిని దయచేయునుగాక.