రేగడి నేలలో క్రోటన్

ఏలూరు, పెదపాడు ప్రాంతపు ఇళ్ల ముందు, ప్రహరీల వెంట, బడి ఆవరణల్లో రంగురంగుల ఆకులతో ఏడాది పొడవునా కళకళలాడే క్రోటన్ తరతరాలుగా ఇక్కడిదే అనిపించినా, దాని పుట్టిల్లు మలుకు దీవులు మొదలుకొని ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతం, పసిఫిక్ దీవుల వరకు పరచుకొన్న ఉష్ణమండలం. డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో అంబాన్ దీవిలో జీవించి 1702లో మరణించిన రంఫియస్ దీన్ని వర్ణించినా, ఆయన గ్రంథం 1741లో గాని అచ్చుకు ఎక్కలేదు. వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ఈ మొక్కను క్రోటన్ ప్రజాతిలో, అంటే విరేచనకారిగా పేరుపడ్డ నేపాళం ఉన్న గుంపులో చేర్చాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దీన్ని కోడియం అనే వేరు ప్రజాతికి మార్చినా తోటమాలులు పాత పేరు వదలలేదు. నేపాళం, క్రోటన్ రెండూ ఆముదపు కుటుంబానివే.

1860లలో మొక్కల సేకర్త జాన్ గౌల్డ్ వీచ్ దక్షిణ సముద్ర దీవుల నుంచి కొత్త రకాలు తెచ్చాక ఇంగ్లండులో క్రోటన్ సంపన్నుల మోజుగా మారింది. అక్కడ అద్దాల ఇళ్లలో వేడి పెట్టి బతికించవలసిన మొక్కకు మన కోస్తా ఉక్కపోతే చాలింది. 1820లో కలకత్తాలోనూ 1835లో మద్రాసులోనూ వెలసిన వ్యవసాయోద్యాన సంఘాల వంటివి పరదేశపు మొక్కల పెంపకానికి ఊతమిచ్చాయి. కాలక్రమంలో గోదావరి ఒండ్రు మీద విస్తరించిన కడియం నర్సరీలు ఈ మొక్కను సామాన్యుడి పెరటికి చేర్చాయి. నర్సరీలు ముందే విస్తరించినా, తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది మాత్రం 2007లోనే.

ఆకు రంగు ఒక్కటే చూసి క్రోటన్‌ను గుర్తించబోతే పొరపాటు తప్పదు, ఎందుకంటే ఒకే కొమ్మ మీద లేత ఆకు పచ్చగా, ముదురాకు ఎర్రగా ఉండవచ్చు, ఆకు వెడల్పుగానో, సన్నగానో, మెలితిరిగో ఉండవచ్చు. దళసరిగా, నున్నగా ఉండే ఆకులు కాండం మీద ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. తుంచితే పాలు కారుతాయి. క్రోటన్ అని పొరబడే అకాలిఫా మొక్క ఆకు పలుచగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. పొడవాటి పూగుత్తుల్లో మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూస్తాయి గాని, గింజ నుంచి మొలిచిన మొక్క తల్లి రంగులను నిలుపుకోదు కనుక కొమ్మలు నాటడం, గాలి అంట్లు కట్టడం (కొమ్మ బెరడు వలయంగా తీసి తడి నాచు చుట్టి, వేళ్లు పట్టాక కోయడం) ఆనవాయితీ అయ్యాయి.

పెదపాడు వైపు అసలు చిక్కు నీటితోనే ఉంది. తమ్మిలేరు, బుడమేరు వరద కొల్లేటి సరస్సుకు చేరి, ఉప్పుటేరు ద్వారా మాత్రమే సముద్రానికి పోయే ఈ పల్లపు సీమలో నల్లరేగడి తడిస్తే జిగటై నీరు వదలదు, ఎండితే నెర్రెలు బారి వేళ్లను తెంపుతుంది. ఊళ్లలో ఇంటికి మెరక పోసినట్టే మొక్కకూ మెరక పోసి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నాటాలి. లేకుంటే వానాకాలంలో వేరు కుళ్లి ఆకులు రాలతాయి. నీడలో పెంచితే రంగులు పలచబడి ఆకు పచ్చబారుతుంది, కుండీని చోటు మార్చినా మొక్క కొన్ని ఆకులు రాల్చుతుంది, అందుకు కంగారుపడి నీళ్లు గుమ్మరించడం కంటే ఊరుకోవడమే మేలు. ఎండాకాలంలో ఎర్రనల్లి, పిండినల్లి పడితే ఆకు అడుగు భాగాన్ని నీటితో కడిగి, సబ్బు కలిపిన వేపనూనె పిచికారీ చేయడం సరిపోతుంది. రంగులు కోల్పోయి పూర్తిగా పచ్చబడిన కొమ్మ మిగతావాటిని మించి బలంగా ఎదుగుతుంది కనుక దాన్ని మొదలంటా కోసివేయాలి. కోసేటప్పుడు కారే పాలు చర్మాన్ని మండించవచ్చు, బట్టకు అంటితే మరక వదలదు.